సోమశిల తీరం: ఏటా మొదటికి వచ్చే అనుక్రమం

ఆవరణ శాస్త్ర బోధనలో అనుక్రమాన్ని ఒక నిచ్చెనగా చూపడం పరిపాటి. బండపై లైకెన్లు, తరువాత నాచు మొక్కలు, గడ్డి, పొదలు, చివరకు అడవి. 1916లో క్లెమెంట్స్ వివరించిన చరమ సముదాయ భావనే ఈ చిత్రానికి ఆధారం. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలోని సోమశిల వద్ద కృష్ణాతీరం మాత్రం ఈ నిచ్చెనకు ఒదగదు. ఈ తేడాను గుర్తించనిదే అక్కడి రైతుకు ఇచ్చే సలహా సంపూర్ణం కాదు.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వానాకాలపు వరదకు నిండే ఈ జలాశయం, విద్యుత్తుకు, సాగుకు నీటిని వాడేకొద్దీ తగ్గుతూ వేసవి నాటికి విశాలమైన ఒండ్రు నేలను బయటపెడుతుంది. ఆ తడి నేలపై మొదట తుంగ, గడ్డి జాతులు మొలుస్తాయి. కొన్నిచోట్ల రైతులు స్వల్పకాలిక పంటలు వేస్తారు. పొదలు స్థిరపడేలోగా మళ్లీ వరద వస్తుంది. అనుక్రమం ఏటా మొదటికి వస్తుంది. 1969లో ఓడమ్ చెప్పిన స్పందన స్థిరత్వానికి ఇది దగ్గరి ఉదాహరణ: ఇక్కడ నీటి రాకపోకలు వ్యవస్థకు ఆటంకం కావు, అవే దాని స్వభావం.

చెరువు శిఖం సాగు తెలంగాణ రైతుకు కొత్త కాదు. అయితే ఈ నేల రెండు జీవావరణాలకు ఒకే నెలవు. వేసవిలో అది పొలం. వానాకాలంలో అదే చేపపిల్లలు మేత, ఆశ్రయం వెతుక్కునే లోతులేని నీరు. ఇతర పొలాల్లో పురుగుమందు వాననీటితో కొట్టుకుపోతేనే జలాశయానికి చేరుతుంది. ఇక్కడ జలాశయమే పొలం మీదికి వస్తుంది. కనుక పంటను, పురుగును చూసి మాత్రమే మందు సూచించడం చాలదు. నేల మునిగే తేదీని, మందు నేలలో నిలిచే కాలాన్ని కూడా లెక్కించాలి.

మత్స్యశాఖ జలాశయాల్లో చేపపిల్లలను వదులుతోంది. వదిలిన పిల్లల సంఖ్య జనాభా కాదు. జననాలు, మరణాలు, వలసలు కలిసి జనాభాను నిర్ణయిస్తాయి. వాటిని నిర్ణయించేది నెలవు. తీరం చెడితే ఎన్ని పిల్లలను వదిలినా జాలరి వలకు ఫలితం దక్కదు.

దీనికి పరిష్కారం సాగును నిషేధించడం కాదు. జలాశయం కింద ఊళ్లను, భూములను కోల్పోయిన ప్రాంతమిది. తేలిన నేల మీద పంట అక్కడి కుటుంబాలకు ఆధారం. వరదకు ముందే చేతికొచ్చే పంటలు, రసాయనేతర సస్యరక్షణ, నీటి అంచున దున్నకుండా వదిలిన గడ్డిపట్టీ: ఈ మూడింటిని కలిపిన ప్రత్యేక సిఫారసు అవసరం. దానిని రైతులతోపాటు జాలరులను కూడా కూర్చోబెట్టి రూపొందించాలి.

విద్యార్థులకు ఈ తీరం తెరిచిన పాఠ్యపుస్తకం. నీటి అంచు నుంచి గట్టు వైపు నడిస్తే నేడు తేలిన నేల నుంచి నెలల క్రితం తేలిన నేల వరకు వరుసగా కనిపిస్తుంది. 1899లో కౌల్స్ మిచిగన్ సరస్సు ఇసుక తిన్నెలపై దూరాన్ని కాలంగా చదివిన పద్ధతి ఇదే. ఎత్తులవారీగా చదరాలు గుర్తించి, మొక్కల జాతులను ఏటా నమోదు చేస్తే బోధనకూ, సిఫారసుకూ స్థానిక ఆధారం సమకూరుతుంది.