గుండె గట్టెక్కింది... కిడ్నీలు జాగ్రత్త!

బైపాస్ బాగా జరిగింది, గుండెకేం ఢోకా లేదంటారు డాక్టర్లు. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. మర్నాడు ఐసీయూ నుంచి మరో కబురు... షుగర్ ఎక్కువగా ఉంది, క్రియాటినిన్ పెరిగింది అని! ఆపరేషన్ గుండెకైతే కిడ్నీలకేమైంది? ఎన్నడూ షుగర్ లేని మనిషికి ఇప్పుడెందుకొచ్చింది?

ఎందుకిలా?
పెద్ద ఆపరేషన్ శరీరానికి పెద్ద ఒత్తిడి. కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలై ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందుకే మధుమేహం లేనివారికీ తాత్కాలికంగా షుగర్ పెరగొచ్చు. హార్ట్-లంగ్ మిషన్ మీద ఉన్నంతసేపూ కిడ్నీలకు రక్తసరఫరాలోనూ తేడా వస్తుంది. అసలే నలిగిన కిడ్నీలకు అధిక షుగర్ తోడైతే ముప్పు పెరుగుతుంది. ముందునుంచే మధుమేహం, కిడ్నీ సమస్య ఉన్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ.

మరీ తగ్గించినా ప్రమాదమే
బెల్జియంలోని ల్యూవెన్‌లో 1,548 మంది ఐసీయూ రోగులపై చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. వారిలో ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవారే. షుగర్‌ను 80-110 మధ్య ఉంచితే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. డయాలసిస్ అవసరమైన కిడ్నీ వైఫల్యం 41 శాతం తగ్గింది. ఇంకేం, చాలా ఆసుపత్రులు అదే బాట పట్టాయి.

అయితే 2009లో వచ్చిన 'నైస్-షుగర్' అధ్యయనం లెక్క మార్చేసింది. రకరకాల జబ్బులతో ఐసీయూలో చేరిన 6,104 మందిని పరిశీలిస్తే, షుగర్‌ను బాగా తగ్గించినవారిలోనే మరణాలు ఎక్కువ. వీరిలో 27.5 శాతం, మిగతావారిలో 24.9 శాతం. షుగర్ ప్రమాదకరంగా పడిపోవడమూ వీరిలోనే ఎక్కువ. అందుకే ఇప్పుడు ఐసీయూలో సాధారణంగా 140-180 మధ్య ఉంచుతున్నారు. '170 ఉంటే ఇంకా తగ్గించరేం?' అని కంగారు పడక్కర్లేదన్నమాట.

ఇవి గుర్తుంచుకోండి
* ఆపరేషన్‌కు ముందే హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి.
* వాడుతున్న మాత్రలన్నీ డాక్టరుకు చూపించాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి కనీసం 3 రోజుల ముందు ఆపాల్సి ఉంటుంది. సొంతంగా మాత్రం ఆపొద్దు.
* మూత్రం తగ్గడం తొలి హెచ్చరిక. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఆరు గంటలపాటు వస్తే కిడ్నీలు దెబ్బతింటున్నట్టే.
* ఇంటికొచ్చాక నొప్పులంటూ డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ సొంతంగా వేసుకోవద్దు. అవి కిడ్నీలకు చేటు.
* కాళ్ల వాపు, ఆయాసం, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తొలిదశలోనే పసిగడితే చాలామందిలో కిడ్నీలు తిరిగి కోలుకుంటాయి. కాబట్టి డిశ్చార్జి తర్వాత చెకప్‌కు వెళ్లినప్పుడు ఈసీజీతో సరిపెట్టకుండా షుగర్, క్రియాటినిన్ కూడా చూపించుకోండి.