మా యజమాని ఎవరో ముందు చెప్పండి!

ఆదివారం సాయంత్రం వాడరేవు బీచి చూసినవాళ్లు చాలామంది ఉంటారు. గుంటూరు నుంచి, హైదరాబాదు నుంచి కార్లేసుకొచ్చి, వేయించిన చేపలు తిని, సీసాలు ఇసకలో గుచ్చి, ప్లాస్టిక్ గ్లాసులు అలలకొదిలి పోతారు. సోమవారం తెల్లారకముందు ఆ ఒడ్డును చూసినవాళ్లు తక్కువ. అప్పుడక్కడ ఉండేది మనవాళ్లే. గోనెసంచి, చీపురు, వంగిన నడుం. ఆ అమ్మ పక్కన కాసేపు కూర్చుని "నీ యజమాని ఎవరమ్మా?" అని అడిగి చూడండి. పంచాయతీ అనాలో, కాంట్రాక్టరు అనాలో, సచివాలయం అనాలో ఆమెకు తెలీదు. "ఏమో నాయనా, మేస్త్రి రమ్మంటే వచ్చా" అంటుంది.

ఇదే ప్రశ్న చీరాలలో, బాపట్లలో, రేపల్లెలో, తెనాలిలో వేయండి. మునిసిపాలిటీ ఊళ్లు కదా, జవాబు తేలిగ్గా దొరుకుతుందనుకుంటారు. దొరకదు. ముప్ఫై ఏళ్లలో చీపురు పట్టిన చెయ్యి మారలేదు. మాదిగ, మాల, రెల్లి, యానాది చేతులే. యజమాని మాత్రం మారుతూనే ఉన్నాడు. ఒకసారి కాంట్రాక్టరు, ఒకసారి డ్వాక్రా గ్రూపు, ఒకసారి ప్యాకేజీ, ఒకసారి కార్పొరేషను. మారిన ప్రతిసారీ ఒక మీటింగు పెడతారు. దానికి "అవగాహన సదస్సు" అని పేరు.

అలాంటి సదస్సు ఒకటి మేం చూశాం. ఊరు పేరు రాయం, రాస్తే అక్కడ పనిచేసే మన ఆడబిడ్డల కూడు పోతుంది. ఆఫీసరుగారు కుర్చీలో, మనవాళ్లు కింద. మార్పుకు భయపడకూడదన్నాడు. మీరు లేకపోతే ఊరు లేదన్నాడు. దేవుళ్లతో సమానమన్నాడు. 2019లో ప్రధానమంత్రి ప్రయాగలో సఫాయి కార్మికుల కాళ్లు కడిగిన సంగతి కూడా గుర్తుచేశాడు. అంతా విని ఒక పెద్దమ్మ లేచింది. "అయ్యా, పోయినసారి మారినప్పుడూ ఇదే చెప్పారు. మా జీతంలో కోసిన పీఎఫ్ డబ్బులు ఆ కాంట్రాక్టరు కట్టకుండా పోయాడు. అయ్యెవరిత్తారు?" ఆఫీసరు గడియారం చూసుకుని "అది ఈ మీటింగు విషయం కాదమ్మా" అన్నాడు. మరి ఏ మీటింగు విషయం? కాళ్లు కడిగే నీళ్లు ఎవరిక్కావాలి? కోసిన డబ్బులు ఇవ్వండి.

ఈ కథ ఎక్కడ మొదలైందో మన పిల్లలకు తెలియాలి. 1993 జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చింది. మునిసిపల్ కౌన్సిళ్లలో ఎస్సీ ఎస్టీలకు జనాభా లెక్కన సీట్లు, అందులో మూడోవంతు మన ఆడవాళ్లకు. మనం డప్పులు కొట్టాం. అదే ఏడాది నవంబరు 25ను గీత రాయిగా పెట్టుకుని రాష్ట్రంలో ఇంకో చట్టం వచ్చింది, 1994 రెండో నంబరు చట్టం. దినకూలీగా ఎవర్నీ పెట్టుకోకూడదు, పెట్టుకున్నవాళ్లను పర్మినెంటు చేయకూడదు. ఆ తేదీకి అయిదేళ్లు నిండినవాళ్లకు 212 జీవో కింద దారి దొరికింది, మిగిలినవాళ్లు గాలిలోనే. ఆర్నెల్ల తేడాలో జరిగిన ఈ రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పై కుర్చీలో మనకు చోటిచ్చారు, కింద చీపురు దగ్గర ఉద్యోగం పీకేశారు. చైర్‌పర్సన్ మన ఆడబిడ్డే, ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ కాంట్రాక్టు కూలీ కూడా మన ఆడబిడ్డే. ఇద్దరి చేతుల్లోనూ అధికారం లేదు.

అప్పట్నుంచి కాంట్రాక్టర్ల రాజ్యం. 2015 డిసెంబరు 31న 279 జీవో తెచ్చి ఊళ్లను ముక్కలు చేసి ప్యాకేజీలుగా అప్పజెప్పాలని చూశారు. 2018లో సమ్మెకు దిగి కార్మికులు దాన్ని ఎదిరించారు. 2020 జులైలో ఆప్కాస్ వచ్చింది. నిజం ఒప్పుకోవాలి, దళారీ కమీషను పోయింది, జీతం బ్యాంకులో పడింది. 2022 జులైలో సమ్మె చేస్తే పదిహేను వేలు, ఆరువేల ఆరోగ్య భత్యం కలిపి 21,000 అయింది. ఎవరూ దయతో ఇయ్యలేదు, చెత్త ఎత్తకుండా కూర్చుంటే ఇచ్చారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ దిగి సంక్రాంతి ముందు దాకా పదహారు రోజులు కూర్చున్నారు. ఎన్ని సమ్మెలు చేసినా ఒక మాట మాత్రం మారలేదు. ఆప్కాస్ వాడు "నేను జీతం పంచేవాణ్ణే" అంటాడు, మునిసిపాలిటీ "వీళ్లు ఆప్కాస్ మనుషులు" అంటుంది. ఫోనులో ముఖం చూపించి హాజరు వేయించుకునేటప్పుడు మాత్రం మనం మునిసిపాలిటీ మనుషులమే! ఇక ప్రభుత్వ పథకాల కాడికొస్తే కంప్యూటరు మనల్ని గవర్నమెంటు ఉద్యోగులంటుంది. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉందని కాగితం మీద రాశారు. ఆ కాగితాన్ని పట్టుకుని తిరగాల్సింది మనం. పింఛను అడిగితే ఉద్యోగివి కాదు, రేషను అడిగితే ఉద్యోగివి.

2023లో ఇంకో తమాషా జరిగింది. 2014 జూన్ 2కు ముందు చేరిన కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధం చేస్తామని చట్టం చేశారు. మన వాడల్లో చాలామంది సంబరపడ్డారు. తర్వాత తెలిసింది, మనం "కాంట్రాక్టు" కాదంట, "ఔట్‌సోర్సింగు" అంట! ఇరవై ఏళ్ల చాకిరీని ఒక ఇంగ్లీషు మాట మింగేసింది. 2025లో ఆ ఆప్కాస్‌నూ ఎత్తేసి ఏజెన్సీలకు ఇచ్చే మాట పైనుంచే బయటికొచ్చింది. ఏజెన్సీ మారితే సర్వీసు మళ్లీ సున్నా నుంచి. పాము కాటేసి నిచ్చెన మొదటికి తోసే ఆట ఇది, పావులు మన అమ్మలు.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆఫీసర్లు మనల్ని చట్టం పేరుతోనే భయపెడతారు. కాంట్రాక్టు లేబర్ చట్టం 1970 నాటిది. 2003లో చంద్రబాబు ప్రభుత్వం మన రాష్ట్రంలో దానికి సవరణ చేసింది. సంస్థకు ప్రధానమైన పనిలో కాంట్రాక్టు కూలీని పెట్టకూడదంటూనే, ఊడవడం, కడగడం, చెత్త ఎత్తిపోయడం ప్రధానమైన పని కాదని రాసింది. 2025 నవంబరు 21న కేంద్రం అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లో కూడా ఇదే రాత. మనువు రాసింది ఇంతకంటే వేరా? ఊడ్చేవాడి పని పని కాదు! అయితే రాసినవాడు ఒక తోక వదిలాడు. ఆ సంస్థ పెట్టిందే ఆ పనికోసం కాకపోతేనే ఈ మాట వర్తిస్తుందన్నాడు. మిల్లులో ఊడ్చేది పక్క పని కావచ్చు, బ్యాంకులో కడిగేది పక్క పని కావచ్చు. మునిసిపాలిటీ ఎందుకు పుట్టింది? వీధులూడ్చడానికి, కాలవలు తీయడానికి, నీళ్లివ్వడానికి, దీపాలు పెట్టడానికి. చెత్త ఎత్తని మునిసిపాలిటీకి బోర్డు తప్ప ఏం మిగులుద్ది? కాబట్టి మన పనే అసలు పని, కమిషనరు సంతకమే పక్క పని. కోర్టులు ఏమంటాయో తర్వాత సంగతి, ముందు ఈ మాట మన నోటి నుంచి రావాలి. 2006 నాటి ఉమాదేవి తీర్పు చూపించి మనల్ని బయటకు నెడుతూ వచ్చారు. 2024 డిసెంబరులో జగ్గో అనే సఫాయి పనిమనిషి కేసులో అదే సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి అవసరమైన పని చేయించుకుని ఉమాదేవి పేరుతో తోసేయడం తప్పని చెప్పింది. ఆ తీర్పు గురించి మీ సదస్సులో ఎవరన్నా అవగాహన కలిగించారా?

తెలుగు మాట్లాడే మన జనమే రెండు పక్క రాష్ట్రాల్లో రెండు రకాల ఫలితాలు చూశారు. మద్రాసు వీధులు తరాలుగా ఊడుస్తున్నవాళ్లలో ఇక్కణ్నుంచి పోయిన ఆది ఆంధ్రులు ఎంతమందో. 2025 ఆగస్టులో అక్కడి కార్పొరేషను రెండు జోన్లను ప్రైవేటుకు ఇస్తే రిప్పన్ బిల్డింగు ముందు పదమూడు రోజులు కూర్చున్నారు. అర్ధరాత్రి పోలీసులొచ్చి ఎత్తుకుపోయారు. సామాజిక న్యాయం మాట పుట్టిన గడ్డ మీద! బెంగుళూరులో పౌరకార్మికులు, వాళ్లలోనూ తెలుగు మాదిగలు ఎక్కువ, 2017లో కాంట్రాక్టర్లను వదిలించుకున్నారు, 2022లో సమ్మె చేశారు, 2025 మే డే నాడు పన్నెండు వేలమందికి పైగా పర్మినెంటు ఆర్డర్లు తీసుకున్నారు. డబ్బుల్లేవు, రూల్సు ఒప్పుకోవు అని ఇక్కడ చెప్పే మాటలన్నీ అక్కడా చెప్పారు.

ఇప్పుడు మన ఇంట్లో గొడవ. ఉద్యమంలో కొందరు అన్నలు అంటారు, "చీపురు పారేయమన్నాడు బాబాసాహెబ్, మీరు చీపురుకు పర్మినెంటు అడుగుతారేంది?" అని. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ బాబాసాహెబే 1930ల్లో బొంబాయి మునిసిపల్ కార్మికులకు సంఘం పెట్టాడు కదా. చీపురు ఎవరు పారేయగలిగారో మన వాడల్లోనే లెక్కేయండి. 80ల్లో పర్మినెంటు అయినవాళ్ల పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు. కాంట్రాక్టులో మగ్గినవాళ్ల పిల్లలు అమ్మ పడిపోయిన రోజున అమ్మ చీపురే పట్టారు. ఉత్తరప్రదేశ్‌లో 2008లో లక్షకు పైగా సఫాయి పోస్టులు పర్మినెంటుగా వేస్తే అగ్రకులాల వాళ్లు ఎగబడి చేరారు, చేరి తమ బదులు ఊడవడానికి మనవాళ్లను కూలికి పెట్టారు. జీతం బాగుంటే చీపురుకు అంటు లేదన్నమాట, అంటు మనిషికే.

మమ్మల్ని మేమూ తిట్టుకోవాలి. 1985లో కారంచేడుకు లేచాం, 1991లో చుండూరుకు లేచాం. నరికినప్పుడు లేచిన మనం, కాలవలో దిగి రోజూ కొంచెం కొంచెం చచ్చేవాళ్ల కోసం లేవలేదు. ఎర్రజెండా సంఘాల వాళ్లే వాళ్ల పక్కన కూర్చున్నారు. వాళ్లు జీతం అడిగారు, ఈ పనిలో ఈ కులాలే ఎందుకున్నాయని మాత్రం అడగలేదు. ఆ రెండో ప్రశ్న మనది, దాన్ని మనం జేబులో పెట్టుకు తిరిగాం. 2025లో వర్గీకరణ అయింది. రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతం. పర్మినెంటు పోస్టే లేకుండా చేస్తే ఈ శాతాలు ఏ కుండలో పోసుకుని పంచుకుందాం?

అక్కల్లారా, అన్నల్లారా! మళ్లీ మార్పు వస్తే మళ్లీ సదస్సు పెడతారు. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయొద్దు, ముందు ఫోనులో ఫొటో తీసుకోండి. పాత గుర్తింపుకార్డు, కాంట్రాక్టరు కాలం నాటి జీతం చీటీ, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, మస్టరు జిరాక్సు దొరికితే అదీ, ఏదీ పారేయకండి. మొదటిరోజు నుంచి సర్వీసు లెక్కలోకి తీసుకుంటామని మునిసిపాలిటీ రాసివ్వాలి. కట్టని పీఎఫ్ ఎవరు కడతారో రాసివ్వాలి. అన్నిటికంటే ముందు "మీ యజమాని మేమే" అని కమిషనరు సంతకం చేసివ్వాలి. సదస్సు తేదీ తెలిసినవాళ్లు మాకు కబురు చేయండి. మేమూ వస్తాం, కింద కాదు, మీతోపాటు ముందు వరస కుర్చీల్లోనే కూర్చుంటాం.