అమ్మానాన్నల కొత్త చిరునామా ఎవరి నిర్ణయం?

స్నానాల గదిలో జారిపడి తండ్రికి తుంటి ఎముక విరుగుతుంది. ఆపరేషన్ అవుతుంది, వారంలో డిశ్చార్జి చేస్తామంటారు. అమెరికా నుంచి వచ్చిన కొడుకు సెలవు ముగిసిపోతుంటుంది. బెంగళూరులో ఉన్న కూతురికి ఉద్యోగం, తల్లికి మోకాళ్ల నొప్పులు. ఎవరో చెప్పిన కేర్ హోమ్‌కు ఫోన్ చేసి, డిపాజిట్ కట్టి, ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికి తీసుకెళ్తారు. ఇంత హడావుడిలోనూ ‘మీకేం కావాలి నాన్నా’ అని ఆయనను అడిగినవారుండరు. ఒక మనిషి చివరి దశ ఎక్కడ గడవాలో తేల్చే నిర్ణయం ఎన్నో తెలుగు ఇళ్లలో ఇంత తొందరలో, ఆ మనిషి ప్రమేయం లేకుండానే జరిగిపోతోంది.

ఈ పరిస్థితి ఇక ముందు మరిన్ని ఇళ్లకు వస్తుంది. 2011 జనగణన నాటికి దేశంలో అరవై దాటినవారు దాదాపు 10.4 కోట్లు. 2050 నాటికి ఆ సంఖ్య 34.7 కోట్లకు, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా వేసింది. దక్షిణాది రాష్ట్రాల్లో కాన్పులు ముందే తగ్గాయి. ఉన్న ఒకరిద్దరు పిల్లలూ చదువుకో ఉద్యోగానికో దూరం వెళ్లారు. ఒకప్పుడు ముసలివారి సేవంతా కోడలిదో కూతురిదో అయ్యేది. వారూ ఇప్పుడు పొద్దున్నే ఆఫీసులకు బయలుదేరుతున్నారు.

అయినా ‘కన్నవాళ్లను ఆశ్రమంలో పడేశారు’ అనే మాటకు భయపడి చాలామంది ఈ సంగతే ఎత్తరు. ఆ మాట అన్నిటినీ ఒకే గాట కడుతుంది. దిక్కులేనివారికి నీడనిచ్చే ఉచిత ఆశ్రమం వేరు. ఓపిక ఉన్న విశ్రాంత ఉద్యోగులు కోరి చేరే సీనియర్ లివింగ్ ఫ్లాట్లు వేరు. స్నానానికీ, నడకకూ, మందులకూ మనిషి సాయముండే అసిస్టెడ్ లివింగ్ వేరు. మంచం పట్టినవారిని, డిమెన్షియా ముదిరినవారిని నర్సులు చూసుకునే కేంద్రం వేరు. మన పెద్దలకు వీటిలో ఏది అవసరం, అసలు ఏదైనా అవసరమా అన్నది ముందు తేలాలి.

అందుకు వైద్యులు వాడే కొలమానం ఒకటుంది. అమెరికాకు చెందిన డాక్టర్ సిడ్నీ కట్జ్ బృందం 1963లో దాన్ని ప్రచురించింది. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తన చేత్తో తినడం. ఈ ఆరింటిలో ఒకటి రెండు పనులకే సాయం కావాలంటే స్నానాల గదిలో పట్టుకమ్మీలు, పగటిపూట కేర్‌టేకర్‌తో ఇంట్లోనే నెట్టుకురావచ్చు. రాత్రిళ్లూ మనిషి కావాల్సి వచ్చి, ఆ మనిషి ఇంట్లో దొరకనప్పుడు వేరే ఏర్పాటు గురించి ఆలోచించాలి. మతిమరుపు కనిపిస్తే ముందు వైద్యుడికి చూపించాలి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, మానసిక కుంగుబాటు కూడా మతిమరుపులాగే బయటపడతాయి. వాటికి చికిత్స ఉంది.

ఎక్కడ ఉండాలన్న మాట పెద్దలు బాగున్నప్పుడే ఎత్తాలి. రాత్రిపూట ఏది భయంగా ఉంటోంది, ఏ పని కష్టమవుతోంది, ఏది వదులుకోలేరు అని అడిగి, చెప్పింది చివరిదాకా వినాలి. తోబుట్టువులు కూర్చుని డబ్బు ఎవరు పెడతారు, అర్ధరాత్రి ఆసుపత్రికి ఎవరు పరుగెత్తుతారు అన్నది కాగితం మీద రాసుకోవాలి. డబ్బు పంపే బిడ్డకూ దగ్గరుండి చూసే బిడ్డకూ మధ్య తగవులు ఎక్కువగా అది తేల్చుకోకపోవడం వల్లే వస్తాయి. రెండు మూడు హోమ్‌లను పెద్దలే స్వయంగా చూడాలి. వీలున్న చోట కొన్నాళ్లు ఉండి చూడాలి. అది తేలేదాకా సొంత ఇల్లు అమ్మకూడదు.

కుటుంబాలు ఇంత జాగ్రత్త పడాల్సి రావడానికి చట్టంలోని ఖాళీ కూడా కారణం. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకొకటైనా వృద్ధాశ్రమం నెలకొల్పవచ్చంది. అయితే కనీసం 150 మందికి చోటుండాల్సిన ఆ ఆశ్రమాలు నిరుపేదల కోసం. వృద్ధుల సంరక్షణ కేంద్రాల నమోదును తప్పనిసరి చేసి, కనీస ప్రమాణాలు విధించే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. అది చట్టం కాకుండానే 2024లో సభ రద్దుతో కాలం చెల్లిపోయింది.

కాబట్టి సంతకానికి ముందు ఒప్పందంలో ప్రతి పేజీ చదవాలి. నెల ఫీజులో ఏవేవి కలిసి ఉన్నాయి? అవసరం పెరిగితే ఎంత పెంచుతారు? డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు? రాత్రి డ్యూటీలో ఎందరికి ఒక మనిషి ఉంటారు? జబ్బు ముదిరితే ఉంచుకుంటారా, తీసుకెళ్లమంటారా? ముందు చెప్పకుండా ఓ ఆదివారం సాయంత్రం వెళ్తే వంటగది, పక్కబట్టలు, అక్కడున్నవారి గోళ్లు చాలా సంగతులు చెబుతాయి. ఇక ఖర్చు సంగతి. డెబ్బై దాటినవారికి 2024లో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య పథకం ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకే వర్తిస్తుంది. నెలనెలా సంరక్షణ ఖర్చు కుటుంబమే భరించాలి.

ఆస్తి సంగతీ మరవరాదు. బాగోగులు చూడాలన్న షరతుతో రాసిచ్చిన ఇంటిని, ఆ షరతు తప్పినప్పుడు వెనక్కి ఇప్పించమని ఆర్డీవో స్థాయి ట్రైబ్యునల్‌ను కోరే హక్కు 2007 చట్టం 23వ సెక్షన్ ఇచ్చింది. ఆ షరతు దస్తావేజులోనే ఉండేలా చూసుకోవాలి. సలహాకూ, ఫిర్యాదుకూ 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

కేర్ హోమ్‌కు పంపడం పాపం కాదు. పెద్దల మాట వినకుండా పంపడం, పంపాక నెలల తరబడి ముఖం చూపించకపోవడం తప్పు. మురిగిపోయిన బిల్లులోని నమోదు, తనిఖీ నిబంధనలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ సొంత చట్టాలుగానైనా తేవాలి. ఆ చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని పిల్లలకు లేదు. ఈసారి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల పక్కన కూర్చుని, వాళ్లకేం కావాలో అడగండి.