గుట్ట నుంచి ఎవరెస్టుకి...

నిజామాబాద్ జిల్లా పాకాలలో మాలావత్ పూర్ణ అమ్మానాన్నలు కూలికెళ్లేవారు. కూతురు తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివేది. ఆటలంటే ప్రాణం. కొండలెక్కడమన్నది మాత్రం తెలియదు. భువనగిరి ఏకశిల గుట్టను కింద నుంచి మొదటిసారి చూసినప్పుడు భయమేసిందట! ఎక్కి దిగాక ఆ భయం కాస్తా ఇష్టమైంది. ఆపైన డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో శిక్షణ.

నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కాలంటే పదహారేళ్లు నిండాలి. అందుకే టిబెట్ దారిన వెళ్లారు. 2014 మే 25న ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్‌తో పాటు పూర్ణ శిఖరం చేరింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి అంతకు ముందు లేదు. మరి ఆ వయసు పిల్లను అంత ప్రమాదంలోకి పంపొచ్చా? అడగాల్సిన ప్రశ్నే. దారిలో మృతదేహాలు కనిపిస్తే తానూ బెదిరిపోయానని పూర్ణే చెప్పింది. ప్యాకెట్ తిండైతే వాసనకే సహించేది కాదట.

దిగి వచ్చాక ఐపీఎస్ అధికారి కావాలనుందని చెప్పింది. కొండల్ని మాత్రం వదల్లేదు. 2016లో కిలిమంజారో, తర్వాత ఎల్‌బ్రస్, అకాంకాగువా... 2022 జూన్‌లో అలాస్కాలోని దెనాలీతో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కేసింది.