త్యాగమూర్తి అనొద్దు

అమ్మలు పోయాక మనవాళ్ళు వాడే మాటల్లో నాకు బొత్తిగా పడనిది "త్యాగమూర్తి".

పోయినేడాది మా అమ్మ పోయినప్పుడు మా ఊరి సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ మీదా అదే మాట. పక్కనే "అనురాగ దేవత", "పిల్లల కోసమే బతికిన మాతృమూర్తి". పైన అమ్మ ఫోటో, కింద వరసగా మేము, ఓ మూల అమ్మ జన్మలో ఓటెయ్యని నాయకుడొకాయన. ఫ్లెక్సీ షాపు కుర్రాడి దగ్గర ఈ మాటలన్నీ సిద్ధంగా ఉంటాయిట, పేరూ ఫోటో మార్చి ప్రింటు కొట్టేస్తాడు. మా భాషలో చెప్పాలంటే టెంప్లేటు.

మాది కోనసీమ. బావ పోయాక, రొయ్యల చెరువు మీద చేసిన అప్పులు తీర్చడానికి మా అక్క 2008లో ఇంటిపనికి ఖతర్ వచ్చింది. పెద్దాడికి ఏడేళ్ళు, చిన్నదానికి మూడు. ఇద్దర్నీ అమ్మ చేతిలో పెట్టి వచ్చేసింది. తిరిగి పూర్తిగా వెళ్ళిపోయింది 2019లో. ఆ పదకొండేళ్ళూ ఆ పిల్లల్ని పెంచింది అమ్మే. నేను ఎంసీఏ చదివింది కూడా అక్క పంపిన డబ్బులతోనే. ఇవాళ అల్ దోహా అల్ జదీదాలో ఏసీ గదిలో కూర్చుని గంటల లెక్కన క్లయింటుకి బిల్లు వేస్తున్నానంటే దాని వెనకాల ఒక ఇంటిపని మనిషి జీతం ఉంది, ఆ జీతం వెనకాల మా అమ్మ ఉంది. ఇక్కడివరకూ ఫ్లెక్సీవాళ్ళతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, త్యాగం అనేసరికి అమ్మ ఏం చేసిందో ఎవరూ అడగరు.

చిన్నది కొన్నాళ్ళకి అమ్మనే "అమ్మా" అని పిలవడం మొదలెట్టింది. మూడేళ్ళ పిల్ల, దానికేం తెలుసు? అమ్మ పలికేది కాదు. అది గుక్కపట్టి ఏడ్చినా సరే, "అమ్మమ్మా" అనేదాకా వినపడనట్టే అంట్లు తోముకునేది. ఇరుగమ్మలు తిట్టారు, "రాయి గుండె" అన్నారు. "వాళ్ళమ్మ బతికే ఉంది కదమ్మా, ఆ పిలుపు దానిది. నేను వాడేసుకుంటే అదొచ్చాక ఏమని పిలిపించుకుంటాది?" అనేది.

శుక్రవారం అక్కకి సెలవు దొరికితే ఫోను. ఫోను రావడానికి ముందు పిల్లలిద్దరి నోట్లో చెరో జీడి పెట్టేది. నోట్లో జీడి సాగుతుంటే ఏడవడం కుదరదని అమ్మ సిద్ధాంతం :) "ఇక్కడ వీళ్ళేడిస్తే అక్కడ అది అన్నం మానేస్తాది, పని తప్పదు కదా" అని లెక్క. రెండేళ్ళకోసారి అక్క వచ్చేసరికి గోడ మీద బొగ్గుతో గీసిన గీతలుండేవి, ఏ పండక్కి ఎవరు ఎంత ఎత్తయ్యారో. నేను చూసిన ప్రాజెక్టు మేనేజర్లలో ఇంత ముందుచూపు ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకో సంగతి. అక్క పంపిన డబ్బులో అమ్మ ప్రతి నెలా ఐదొందలు పక్కకి తీసేది. దాచిపెట్టి కాదు, చెప్పే తీసేది. "ఇది నా కూలి" అనేది. ముక్కుపొడుం, అమలాపురంలో మ్యాటినీ, ఒక చీటీ... అన్నీ అందులోంచే. 2016లో ఆ చీటీ పాడుకుని ఊళ్ళోవాళ్ళతో కాశీ వెళ్ళొచ్చింది. ఆ పది రోజులు పిల్లల్ని చూసుకోవడానికి నన్ను సెలవు పెట్టించి రప్పించింది. అడగలేదు, తేదీలు చెప్పిందంతే. ఇలాంటి మనిషిని పట్టుకుని త్యాగమూర్తి అంటే ఎలాగండీ?

"పోయినావిడ గురించి నాలుగు మంచి మాటలంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మా మావయ్య. పోయింది నా సొమ్ము కాదు. త్యాగం అన్నామంటే ఇక బాకీ ఉండదు. దానం ఇచ్చినవాళ్ళకి ఎవరూ తిరిగివ్వరు కదా, దణ్ణం పెట్టి ఊరుకుంటారు.

పదో తరగతి పాసవని ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ రావాలంటే 30 ఏళ్ళు నిండి ఉండాలని మన దేశపు నిబంధన. వాళ్ళ క్షేమం కోసమే పెట్టారు, కాదనను. కానీ ఆలోచించండి, మన పల్లెల్లో 30 నిండిన ఆడమనిషికి పిల్లలు లేకుండా ఉంటారా? అంటే ఇక్కడికొచ్చే దాదాపు ప్రతి మనిషి వెనకాలా ఊళ్ళో పిల్లల్ని పెంచే ఒక ముసలావిడ ఉండి తీరాలి. నిబంధన రాసినవాళ్ళు ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆవిడ లేకపోతే మాత్రం ఈ వలస ఒక్క రోజు నడవదు.

ఖతర్‌లో 2017లో ఇంటిపనివాళ్ళకంటూ ఒక చట్టం వచ్చింది. వేరే ఒప్పందం లేకపోతే రోజుకి పది గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి మూడు వారాలు జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల జీతం చొప్పున గ్రాట్యుటీ. 2021 మార్చి నుంచి నెలకి కనీసం 1000 రియాళ్ళ జీతం అన్నది వీళ్ళకీ వర్తించింది. ప్రతి ఇంట్లోనూ ఇవన్నీ జరిగిపోతున్నాయని నేను చెప్పను, మా పేటలో శుక్రవారం సాయంత్రం ఓ గంట నిలబడి మాటలు వింటే తెలుస్తుంది. కానీ కాగితమంటూ ఒకటి ఉంది, చూపించి అడగొచ్చు. అక్క పనికి గంటలున్నాయి. నా పనికి టైంషీటే ఉంది. తెల్లారగట్ట నాలుగున్నరకి లేచి రాత్రి పదికి నడుం వాల్చే అమ్మ పనికి, తను తీసుకున్న ఆ ఐదొందలు తప్ప ఏ లెక్కా లేదు.

అమ్మ దోహా వచ్చింది ఒక్కసారే, 2018 డిసెంబరులో. అంతకుముందు ఏడాదే భారతీయులకి ముందస్తు వీసా లేకుండా 30 రోజులు ఉండే వీలిచ్చారు, అది కలిసొచ్చింది. మెట్రో ఇంకా మొదలవ్వలేదు. "ఇక్కడా గోతులేనా?" అంది. తెచ్చిన పూతరేకుల్లో ఒక పొట్లం వేరే కట్టి ఉంచింది. ఎవరికంటే, అక్క పెంచుతున్న ఆ ఇంటి పిల్లాడికి. "మన పిల్ల చేతి ముద్ద తింటున్నాడంటే వాడూ ఓ రకంగా నా మనవడే కదరా" అంది. నేనేం మాట్లాడతాను?

ఆ నెల మొదట్లోనే గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మగారు పోయారు. నూరేళ్ళు దాటాక, 2016లో, మునిమనవడు తీసిన వంటల వీడియోలతో ఆవిడ యూట్యూబులో ప్రపంచమంతా తెలిసిపోయారు. మేమందరం కూర్చుని ఆ పుచ్చకాయ చికెన్ వీడియో మళ్ళీ చూశాం. మా అమ్మ మెచ్చుకోలేదు. "పుచ్చకాయ దండగ" అంది. ఓ నిమిషమాగి, "మంట మాత్రం ఎక్కడ తగ్గించాలో ఆవిడకి తెలుసు" అంది. చిన్నప్పుడే పెళ్ళయి, 22 ఏళ్ళకే భర్త పోయి, కూలిపని చేసి పిల్లల్ని సాకిన మనిషి మస్తానమ్మగారు. కావాలంటే ఆవిడకీ త్యాగమూర్తి అని ఫ్లెక్సీ కట్టొచ్చు. కానీ జనానికి గుర్తున్నది ఆవిడ చేతులు, ఆవిడ వంట. తల్లులందర్నీ అలా తలుచుకోవాలని నా కోరిక. ఏ పని, ఎంత నేర్పుగా, ఎవరి బదులు చేశారో చెప్పి తలుచుకోవాలి.

ఊరికి డబ్బు పంపే మావాళ్ళు ఎవరైనా కనిపిస్తే నేను చెప్పే మాట ఒకటే, కొంచెం చాదస్తంగానే చెబుతాను: అన్నదమ్ముల ఖాతాలోకి పంపేది పంపండి, పిల్లల్ని చూసే ఆ ముసలావిడ ఖాతాలోకి విడిగా, ఆవిడ పేరు మీద, ప్రతి నెలా ఇంత అని వెయ్యండి. మందులకి కాదు, కూలి అని చెప్పి వెయ్యండి. కొందరు నవ్వుతారు. ఇద్దరు మాత్రం మొదలెట్టారు.

2019లో అక్క పెట్టెలతో ఇంటికి చేరిన రోజు చిన్నదానికి పద్నాలుగేళ్ళు. గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి "అమ్మా" అంది, తడుముకోకుండా. అక్క అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, అందరి ఏడుపులూ అయ్యేదాకా ఆగి, అక్కతో అంది:

"ఈ నెల కూలి ఇంకా ఇవ్వలేదే నువ్వు."