పది రోజుల గ్యాప్‌కే పరుగు వదిలేద్దామా?



నాగోబా జాతర అయిపోయింది. ఊర్లకు పోయినోళ్లు చాలామంది హాస్టళ్లకు తిరిగొచ్చారు. కానీ పొద్దున గ్రౌండ్‌లో సగం మందే కనబడుతున్నారు. అడిగితే ఒకటే మాట: "పది రోజులు గ్యాప్ వచ్చిందన్నా, చేసిందంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి ఎవరు చేస్తరు?"

అంతా పోలేదు తమ్ముడూ. పరుగు ఆపితే ముందుగా తగ్గేది రక్తంలోని ద్రవభాగం. అందుకే తిరిగొచ్చిన మొదటి రోజు గుండె దడ, ఆయాసం ఎక్కువగా అనిపిస్తయి. కొన్ని రోజులు పరిగెడితే అది సర్దుకుంటుంది. అసలు దమ్ము బాగా తగ్గేది రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తేనే. పైగా మెస్రం వంశపోళ్లు గోదావరి జలం కోసం కాలినడకన పోయొచ్చినోళ్లు. వాళ్లది గ్యాప్ అని ఎట్లంటాం?

మనలో ఎక్కువమంది చేసేది తొమ్మిది వారాల ప్లాన్, అదే కౌచ్ టు 5కే. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. ఐదో వారం మూడో రోజుకు ఏకంగా 20 నిమిషాలు ఆగకుండా పరుగు. ఆ రోజు ముందర ఆగిపోయినవాళ్లు జాతర నుంచి రాగానే ఆ 20 నిమిషాలే మొదలుపెడితే మధ్యలో ఆగిపోతారు, ఆగిపోయి "నా వల్ల కాదు" అంటారు. మా మాట ఏందంటే, వారంలోపు గ్యాప్ అయితే ఆపిన చోటే మొదలుపెట్టండి. పది పదిహేను రోజులైతే ఒక వారం వెనక్కి పోండి. మొదటి వారానికి పోవాల్సిన పనే లేదు. జ్వరం, మలేరియా వచ్చిపోయినవాళ్ల సంగతి వేరు. ముందు తిండి, నిద్ర సరైనంక నడకతో మొదలుపెట్టాలి.

ఇంకో రకం వాళ్లున్నారు. వచ్చిన మొదటి పొద్దునే స్టాప్‌వాచ్ పెట్టి 1600 మీటర్లు కొడతారు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు, అమ్మాయిలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు ఉండె. ఆ టైం బుర్రలో తిరుగుతుంటే ఆగబుద్ధి కాదు, నిజమే. కానీ దమ్ము తొందరగా వస్తది, ఎముకలు, నరాలు గట్టిపడటానికి ఎక్కువ రోజులు పడుతుంది. పిక్క ముందర ఎముక నొప్పితో కూర్చుంటే పది రోజుల గ్యాప్ కాస్తా నెల అయితది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉంది. జబ్బు లేకుండా ఆ జన్యువు ఒక్కటే మోసే వాహకులు బయటికి మామూలుగానే ఉంటారు, పరుగూ మానక్కర్లేదు. అయితే అలవాటు తప్పినంక ఎండలో, నీళ్లు తాగకుండా, ఒక్కసారిగా పూర్తి స్పీడ్‌తో కొడితే వాళ్లు కుప్పకూలే ప్రమాదముంది. అరుదే, కానీ ప్రాణం మీదికి వస్తది. టెస్ట్ చేయించుకోండి. వాహకులైతే మీతో పరిగెత్తేవాళ్లకు చెప్పండి, ఇందులో సిగ్గేం లేదు. జబ్బే ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

ఇక "మీవాళ్లకు డిసిప్లిన్ లేదు, పండగొస్తే మాయమైతరు" అనే మాట. కోచింగ్ దగ్గర ఇది విననివాళ్లు మనలో తక్కువ. మేం ఒప్పుకోం. జాతరుంటది, ఇప్పపువ్వు ఏరే రోజులుంటయి, తునికాకు ఉంటది. ఇంటికి పోతే అమ్మాయిలకు పొద్దున పరిగెత్తే వీలే దొరకదు, నీళ్లు, వంట, పొలం ముందుంటయి. ఇవన్నీ మన ఏడాదిలో ముందే తెలిసిన రోజులు. ప్లాన్ కాగితంలో వాటికి చోటు లేకపోతే తప్పు కాగితానిది. తొమ్మిది వారాలది పదకొండు చేసి రాసుకుంటే ఏం పోయింది?

ఇప్పపువ్వు సీజన్‌కి ఇంకా టైం ఉంది. సోమవారం ఐదున్నరకు గ్రౌండ్‌కి రండి. ఎవరు ఏ వారంలో ఆగారో కాగితం మీద రాసుకుని తెచ్చుకోండి, ఒకే వారం వాళ్లను జతలు చేద్దాం. నీళ్ల బాటిల్ మర్చిపోకండి.