పగిలిన గిటారు నేర్పిన పాఠం

‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అని మన పెద్దల సామెత. లోకం పోకడను ఎత్తిచూపడానికి వారు ఈ మాట అన్నారే గాని, దానిని జీవిత సూత్రంగా పాటించమని బోధించలేదు. అయినా నేడు మన ఇండ్లలోను, విద్యాలయాలలోను జరుగుతున్నది చూస్తే, మనం ఆ సామెతను ఆజ్ఞగా శిరసావహించినట్లు కనిపిస్తుంది. వస్తువు చెడిపోతే బాగుచేయించాలన్న తలపు రాకమునుపే కొత్తది కొనాలన్న తలపు వస్తున్నది. చాలా ఏండ్లుగా తీరిక వేళల్లో పాత గిటార్లను బాగుచేయడం, వాటిపై నాలుగు స్వరాలు పలికించుకొని ఆనందించడం మాకు అలవాటు. మేము సంగీత విద్వాంసులం కాము, వడ్రంగులమూ కాము. అయినను ఈ చిన్న అభిరుచి మాకు నేర్పిన ఒక సత్యాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము.

గిటారు మన వాద్యం కాదు గదా, దానికోసం ఇంత శ్రమ దేనికని కొందరు మిత్రులు మమ్ములను అడుగుతుంటారు. దీనికి సమాధానం ఆ మాట చరిత్రలోనే ఉన్నది. గ్రీకుల ‘కితారా’ అరబ్బీలో ‘కీతారా’ అయినది. స్పెయిను దేశంలో ‘గితార్రా’ అయినది. అరబ్బుల ‘ఊద్’ అన్న వాద్యం పేరుకు కొయ్య అని అర్థం. ఆ ‘అల్ ఊద్’ అన్న మాటే ఐరోపా భాషలలో ‘ల్యూట్’గా మారినది. బాగ్దాదు నుండి బయలుదేరిన జిర్యాబ్ అనే గాయకుడు క్రీ.శ. 822లో కార్డోవా నగరం చేరి, అక్కడి సంగీతానికి కొత్త వెలుగు తెచ్చాడు. ఒక వాద్యం ఇన్ని దేశాలు, ఇన్ని భాషలు దాటి వచ్చిన తరువాత అది ఎవరి సొత్తు? వాయులీనం కూడా ఒకనాడు పరదేశపు వాద్యమే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరంలో దానిని తెలుగువారి సొంతం చేశారు. గిటారును హిందూస్థానీ రాగాలకు ఒప్పించినవారు బ్రిజ్ భూషణ్ కాబ్రా. దానినే మోహనవీణగా మలచిన విశ్వమోహన్ భట్‌కు 1994లో గ్రామీ పురస్కారం లభించినది. కాబట్టి వాద్యానికి పుట్టినిల్లు ఒకటి కావచ్చును గాని, మెట్టినిండ్లు అనేకం.

ఇక అసలు విషయానికి వస్తాము. గిటారు చూపులకు సులువైన వస్తువు. విప్పి చూస్తేనే అందులోని విజ్ఞానం తెలుస్తుంది. ఉక్కు తీగల గిటారులో ఆరు తీగలను సరిగా శ్రుతి చేసినప్పుడు అవి లాగే బలం సుమారు 70 కిలోల బరువుతో సమానం. ఆ లాగుడును అహర్నిశలు భరించేది మూడు మిల్లీమీటర్లకు మించని పలుచని పైపలక, దాని అడుగున అతికిన సన్నని కొయ్యబద్దలు. పలకను మందం చేస్తే వాద్యం చిరకాలం నిలుస్తుంది గాని పలకదు. మరీ పలుచన చేస్తే చక్కగా పలుకుతుంది గాని నిలువదు. ఈ రెంటి నడుమ సమతూకం సాధించడమే వాద్యకారుని విద్య.

మెట్ల అమరికలోను ఇట్టి లెక్కయే ఉన్నది. పన్నెండవ మెట్టు తీగ పొడవుకు సరిగా సగంలో ఉండాలి. మిగిలిన తీగ పొడవులో 18వ వంతు చొప్పున జరుగుతూ మెట్లు వేయాలని 1581లో చెప్పినవాడు విన్సెంజో గెలీలీ, జగత్ప్రసిద్ధుడైన గెలీలియోకు తండ్రి. నేటి లెక్కలో ఆ 18 స్థానంలో 17.817 వచ్చినది, తేడా అంతమాత్రమే. గణితమంటే భయపడే విద్యార్థికి ఒక గిటారును, ఒక కొలబద్దను ఇచ్చి కూర్చోబెడితే ఆ భయం సగం తీరుతుందని మా నమ్మకం.

స్పెయిను దేశపు ఆంటోనియో డి టోరెస్ (1817–1892) నేటి గిటారుకు రూపకర్త అని చెప్పవచ్చును. వాద్యానికి ప్రాణం పైపలకయేనని నిరూపించడానికి ఆయన 1862లో ప్రక్కలను, వెనుక భాగాన్ని కాగితపు గుజ్జుతో చేసి ఒక గిటారును తయారుచేశాడు. అది నేటికీ బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. అంతటి శిల్పి కొంతకాలం పింగాణి సామానుల దుకాణం నడుపుకొని బ్రతుకవలసి వచ్చినది. చేతి విద్యకు లోకమిచ్చే విలువ ఎప్పుడూ అంతంత మాత్రమే కాబోలు!

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదియే.

కొన్నేండ్ల క్రిందట ఒక వృద్ధుడు గుడ్డలో చుట్టిన గిటారును మా ఇంటికి తెచ్చాడు. అది చనిపోయిన ఆయన తమ్మునిది. ఆ తమ్ముడు పెండ్లిండ్లలో, సభలలో ఆర్కెస్ట్రా వారితో కలిసి వాయించేవాడట. వానకాలపు తేమకు బ్రిడ్జి ఊడి, పైపలక ఉబ్బి ఉన్నది. తీగల క్రింద రంగు పోయి, కొయ్య బయటపడి, అరచేయంత మచ్చ ఏర్పడినది. మేము ఎంతో ఉత్సాహంతో పనికి పూనుకొన్నాము. బ్రిడ్జిని గట్టి జిగురుతో అతికించాము. ఉప్పు కాగితంతో పాత రంగునంతా గీకివేసి, మూడు పూతల వార్నీషు వేసి, అద్దంవలె మెరిసేటట్లు చేశాము. నెల దినాల శ్రమ అది. మెచ్చుకోలు తప్పదనుకొని ఆయనను పిలిపించాము.

ఆయన గిటారును ఒడిలో పెట్టుకొని, తీగల క్రింద చేతితో తడిమి చూశాడు. మచ్చ కోసం వెదకుతున్నాడని మాకు అప్పుడు తెలియలేదు. చాలాసేపటికి, “మాస్టారూ, గిటారు చాలా బాగున్నది. కాని ఇది మా తమ్ముడిది కాదు” అన్నాడు.

ఆ మచ్చ అతని తమ్ముని చేయి ఇరవై ఏండ్లపాటు ఒరసి ఒరసి చేసినది. దానిని మేము ఒక ఆదివారం మధ్యాహ్నం గీకివేశాము. అంతేకాదు, దళసరి వార్నీషు పైపలకను బిగబట్టి నాదాన్ని కూడా మందగింపజేసినది. పూతను తీసివేద్దామంటే ఇంకా కొయ్య పోతుంది. బ్రిడ్జిని విప్పుదామంటే ఆ జిగురు విడిపోయే రకం కాదు, పలకను చీల్చుకొని వస్తుంది. చేసిన పనిని చేయనట్లుగా మార్చే దారి ఒక్కటి కూడా మేము మిగుల్చుకోలేదు. ఆయన మమ్ములను ఒక్క మాట అనకుండా గిటారును మళ్లీ అదే గుడ్డలో చుట్టుకొని వెళ్లిపోయాడు.

బాగుచేయడం వేరు, కొత్తది చేయడం వేరు అని నాటితో మాకు తెలిసివచ్చినది. వెనుకటి పనివారికి ఈ సంగతి మనకంటె బాగా తెలుసు. వారు వాడిన సరేసును చూడండి. నీటిలో నానబెట్టి, వేడి నీటి గిన్నెలో ఉంచి సుమారు 60 డిగ్రీల వేడిలో కరిగిస్తే అది గట్టిగా అతుకుతుంది. ఏండ్లు గడిచాక మరొకరు విప్పదలచితే, వేడి చేసిన తడి కత్తిని అతుకులో జొనిపితే చాలును, కొయ్య చెడకుండా విడివడుతుంది. మన వీణ సంగతీ అంతే. బొబ్బిలి వీణను పనస కొయ్యతో, ఒకే దుంగనుండి తొలుస్తారు. మెట్లను మాత్రం మైనం, మసి కలిపిన మేళంలో నిలుపుతారు. మెట్లు అరిగినా, స్వరం తప్పినా మైనం కరిగించి మళ్లీ మేళం కట్టవచ్చును. తరువాత వచ్చే పనివాని కోసం తలుపు తెరిచి ఉంచడం ఆ విద్యలోని వినయం. తమ పనియే చివరి పని అని వారు అనుకోలేదు. మేము అనుకొన్నాము.

ఆనాటినుండి మేము రెండు నియమాలు పెట్టుకొన్నాము. తిరిగి విప్పలేని పని చేయరాదు. పలుకుటకు అడ్డురాని మచ్చను ముట్టరాదు. ఈ నియమాలు కొయ్యకు మాత్రమే వర్తిస్తాయని మేము అనుకోవడం లేదు. పిల్లలను దిద్దే ఉపాధ్యాయునికి, మందలించే తండ్రికి, శిక్షించే అధికారికి కూడా ఇవి పనికివస్తాయి. దిద్దడమంటే ఉన్న మనిషిని గీకివేసి, మనకు నచ్చిన రంగు పూయడం కాదు.

ఇట్లని పాతవన్నీ పూజనీయాలని మా వాదం కాదు. పొరలు పొరలుగా విడిపోయిన ప్లైవుడ్డు గిటారుకు చేసే ఖర్చుతో మంచి కొత్త వాద్యమే రావచ్చును. అట్టివాటిని వదలుకోవడమే వివేకం. అయితే ఏది వదలుకోదగినదో, ఏది నిలుపుకోదగినదో తేల్చాలంటే విప్పి చూసే చేయి ఉండాలి. నేటి విద్యార్థి సెల్‌ఫోనులోనే శ్రుతి సరిచూచుకోగలడు. ఇంట కూర్చుండియే కొత్త గిటారు తెప్పించుకోగలడు. ఇవి మంచి సౌకర్యాలే. కాని తీగ తెగితే మార్చుకోవడం, మెట్టు లేస్తే సరిచేసుకోవడం రానివాడు తన వాద్యానికి యజమాని కాడు, వాడకందారు మాత్రమే.

చివరగా కమిటీ పెద్దలకు ఒక మనవి. మన కళాశాల సామాను గదిలో రెండు గిటార్లు, తిత్తి చిరిగిన ఒక హార్మోనియం, మూత పగిలిన ఒక తబలా ఉన్నవి. కండెం చేసి వేలం వేయవలసిన సామానుల జాబితాలో వాటి పేర్లు కూడా ఎక్కినవని విన్నాము. వేలంలో వాటికి వచ్చేది కట్టెల ధర. ఆ జాబితాపై సంతకం చేసేముందు ఒక్క సంవత్సరం గడువు ఇప్పించ ప్రార్థన. ఒక చిన్న గది, ఒక గట్టి బల్ల, వారానికి రెండు సాయంత్రాలు చాలును. పనిముట్లు మేము ఇస్తాము. తబలా మూత వేయడం, హార్మోనియం తిత్తి కుట్టడం తెలిసిన పనివారిని పిలిపించి, వారికి గౌరవప్రదమైన ప్రతిఫలం ఇప్పిస్తే మన పిల్లలకు అంతకు మించిన గురువులు ఉండరు. సంవత్సరం తరువాత కూడా అవి పలుకకపోతే వేలానికి మేమే మోసుకొని వస్తాము.

విద్యార్థి మిత్రులారా! ఈ కళాశాలలో ఉర్దూ చదివేవారు ఒక వరుసలోను, తెలుగు చదివేవారు ఒక వరుసలోను కూర్చుంటున్నారు. ఒక బల్లపై పగిలిన వాద్యాన్ని పెడితే, ఒకరు పట్టుకొననిదే మరొకరు అతికించలేరు. సరేసు ఆరేదాకా ఇద్దరూ అక్కడే ఉండవలసి వస్తుంది. ఆ కాసేపట్లో మాటలు కలుస్తాయి, ఆ తరువాత పాటలూ కలుస్తాయి. మా ఇంటికి వచ్చిన వృద్ధునికి మేము చేసిన అపచారం ఇక సరిదిద్దుకోలేనిది. సామాను గదిలోని వాటి విషయంలో మాత్రం ఇంకా సమయం మించిపోలేదు. ముందుగా ఎవరు వస్తారో రండి.